ఇన్‌లైన్ అసెంబ్లీ ఉన్న లైబ్రరీ ఫంక్షన్‌ని కంపైల్ టైమ్‌లోనే నడిపించడం ఎలా?

మీ ప్రశ్నని ముందు నాలుగు మాటల్లో పెడతాను, తర్వాత వచ్చి చదివేవాళ్ళకీ అర్థమవుతుంది. గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో పెట్టే టెంపరేచర్ లాగర్‌కి మీరు సీ++లో కోడ్ రాస్తున్నారు. గోడౌన్ లోపల ఆర్మ్ బోర్డు, ఆఫీసు గదిలో ఎక్స్86 మినీ పీసీ (ఆర్మ్, ఎక్స్86 వేరు వేరు ప్రాసెసర్ రకాలు), రెండింటికీ ఒకటే లైబ్రరీ. ప్యాకెట్‌లో సరుకు రకం పేరు వస్తుంది: తేజ, ఆర్మూర్, బ్యాడిగి, 334, 341. ఆ పేరుకి సీఆర్‌సీ32సీ హాష్ (పేరులోని బైట్ల నుంచి లెక్కకట్టే 32 బిట్ల సంఖ్య) తీసి, స్విచ్‌లో కేస్ లేబుళ్ళుగా పెట్టాలనుకున్నారు. హాష్ తీసే ఫంక్షన్ లోపల ఇన్‌లైన్ అసెంబ్లీ ఉంది, అంటే సీ++ మధ్యలో నేరుగా రాసిన ప్రాసెసర్ ఇన్‌స్ట్రక్షన్లు. ముందు కాన్‌స్టెక్స్‌పర్ (కంపైల్ టైమ్‌లో కూడా లెక్క వేయొచ్చని చెప్పే కీవర్డ్) అని తగిలించినా, 'ఇన్‌లైన్ అసెంబ్లీ ఈజ్ నాట్ ఎ కాన్‌స్టంట్ ఎక్స్‌ప్రెషన్' అని జీసీసీ 12 కంపైలర్ ఆపేస్తోంది. "సీ++20లో కాన్‌స్టెక్స్‌పర్ ఫంక్షన్‌లో అసెంబ్లీ రాయొచ్చన్నారు కదా, మరి ఇదేంటి?" అని అడిగారు.

రాయొచ్చు. నడపకూడదు. ఆ ఎర్రర్ కింద వచ్చే నోట్ చూడండి, 'ఓన్లీ అన్‌ఎవాల్యుయేటెడ్' అన్న మాట ఉంటుంది, అంటే లెక్కలోకి రాని అసెంబ్లీకే అనుమతి. సీ++17 వరకూ కాన్‌స్టెక్స్‌పర్ ఫంక్షన్ ఒంట్లో అసెంబ్లీ కనిపిస్తేనే తప్పు. సీ++20 ఆ నిషేధాన్ని సడలించింది, అంతే: అసెంబ్లీ ఉండొచ్చు, కానీ కంపైల్ టైమ్‌లో లెక్క వేసేటప్పుడు దారి దాని మీదుగా పోకూడదు. కంపైలర్లలో క్లాంగ్ 9, జీసీసీ 10 నుంచి ఇది పనిచేస్తోంది.

కంపైలర్‌కి ఇంత మొండితనం ఎందుకంటే, కాన్‌స్టెక్స్‌పర్ లెక్కలప్పుడు అది మీ ఫంక్షన్‌ని మెషీన్ కోడ్‌గా మార్చి ప్రాసెసర్ మీద నడపడం లేదు. లోపల ఒక ఇంటర్‌ప్రెటర్ ఉంటుంది. అది సోర్స్ నుంచి కట్టుకున్న చెట్టుని కొమ్మ కొమ్మా తిరుగుతూ లెక్క వేస్తుంది. దానికి వేరియబుల్ తెలుసు, లూప్ తెలుసు. రిజిస్టర్ అంటే తెలియదు. అసెంబ్లీ స్ట్రింగ్ దాని కంటికి ఒట్టి అక్షరాల వరస. పైగా మీ కేసే తీసుకోండి: ల్యాప్‌టాప్ ఎక్స్86, బోర్డు ఆర్మ్. బోర్డు కోసం క్రాస్ కంపైల్ చేస్తుంటే ఆ అసెంబ్లీ ఆర్మ్‌ది. దాన్ని ల్యాప్‌టాప్‌లో ఎక్కడ నడుపుతుంది?

కాబట్టి దారి ఒక్కటే. అదే పనిని మామూలు సీ++లో రెండోసారి రాయాలి; కంపైల్ టైమ్‌లో అది, రన్ టైమ్‌లో అసెంబ్లీ నడిచేలా మధ్యలో గేటు పెట్టాలి. ఇది పది నిమిషాల పని. రెండు దారులూ ఎప్పటికీ ఒకే జవాబు ఇచ్చేలా కాపాడుకోవడంలోనే తంటా అంతా ఉంది. ఎర్రర్ వస్తే నయం, కనీసం ఆగుతాం. రెండు దారుల జవాబులు తేడా కొడితే ఏ ఎర్రరూ రాదు, తేజ బస్తా వచ్చినప్పుడు స్విచ్ మౌనంగా డిఫాల్ట్‌లోకి జారిపోతుంది.

ముందు గేటు సంగతి. మీ దగ్గర జీసీసీ 12 ఉంది కాబట్టి సీ++23 మోడ్ పెట్టుకుని 'ఇఫ్ కాన్‌స్టెవాల్' వాడండి. దీనికి కుండలీకరణాల్లో షరతు ఉండదు. ఇఫ్ తర్వాత కాన్‌స్టెవాల్ అన్న కీవర్డ్, వెంటనే బ్రేసులు. లోపల మామూలు సీ++ కోడ్, ఎల్స్‌లో అసెంబ్లీ. క్లాంగ్‌లో ఇది 14 నుంచి ఉంది. ఉబుంటు 22.04తో డిఫాల్ట్‌గా వచ్చేది జీసీసీ 11 కాబట్టి మీ టీమ్‌లో ఎవరి మెషీన్‌లోనన్నా అది ఉంటే ఇది కంపైల్ కాదు. అప్పుడు సీ++20లోని ఈజ్-కాన్‌స్టంట్-ఎవాల్యుయేటెడ్ ఫంక్షన్ వాడాలి. టైప్-ట్రెయిట్స్ హెడర్‌లో ఉంటుంది.

ఈ రెండో దాంతో ఒక ఉచ్చు ఉంది, చాలామంది పడేది. దాన్ని మామూలు ఇఫ్‌లోనే పెట్టాలి, 'ఇఫ్ కాన్‌స్టెక్స్‌పర్'లో కాదు. ఇఫ్ కాన్‌స్టెక్స్‌పర్ తన షరతుని కంపైల్ టైమ్‌లోనే తేల్చేస్తుంది కాబట్టి, "ఇప్పుడు కంపైల్ టైమేనా?" అని అక్కడ అడిగితే జవాబు ఎప్పుడూ అవుననే. ఫలితంగా రన్ టైమ్‌లో కూడా నెమ్మది దారే నడుస్తుంది. జవాబు కరెక్టే వస్తుంది, అసెంబ్లీ మాత్రం బైనరీలోకే రాదు. జీసీసీ, క్లాంగ్ వార్నింగ్ ఇస్తాయి, కానీ వార్నింగులు వందల్లో పారే ప్రాజెక్టులో దాన్ని ఎవరు చూస్తారు? అనుమానం ఉంటే ఆబ్జెక్ట్ ఫైల్‌ని డిస్‌అసెంబుల్ చేసి సీఆర్‌సీ32 అన్న పదం కోసం గ్రెప్ కొట్టండి. కనిపించకపోతే ఇదే.

రెండిట్లో ఇఫ్ కాన్‌స్టెవాల్‌నే ఎందుకు పట్టుకోమంటున్నానంటే, దాని లోపలి నుంచి కాన్‌స్టెవాల్ ఫంక్షన్లని (కంపైల్ టైమ్‌లో మాత్రమే నడిచేవి) కూడా పిలవొచ్చు. పాత పద్ధతిలో మామూలు ఇఫ్ లోపల ఫంక్షన్ పారామీటర్‌ని కాన్‌స్టెవాల్ ఫంక్షన్‌కి ఇస్తే, 'ఇది కాన్‌స్టంట్ కాదు' అని కంపైలర్ గొడవ పెడుతుంది.

ఇక మామూలు సీ++ దారి. సీఆర్‌సీ32సీ బిట్ బిట్‌గా చేస్తే ఇంతే: 32 బిట్ల అన్‌సైన్డ్ విలువని 4294967295తో మొదలుపెట్టండి. ప్రతి బైటుకీ విలువని ఆ బైటుతో ఎక్సార్ (తేడా ఉన్న బిట్లని మాత్రమే 1 చేసే లెక్క) చేయండి. తర్వాత ఎనిమిది సార్లు: చివరి బిట్ 1 అయితే కుడికి ఒకటి జరిపి 2197175160తో ఎక్సార్, 0 అయితే ఊరికే కుడికి జరపడం. బైట్లన్నీ అయ్యాక మళ్ళీ 4294967295తో ఎక్సార్. అంకెల్ని హెక్సులో కాకుండా దశాంశంలో ఇచ్చాను, వెనక యూ తగిలించి నేరుగా వాడుకోవచ్చు.

ఇంత చిన్న లూప్‌లో నాలుగు చోట్ల బెడిసికొడుతుంది.

మొదటిది పాలినామియల్, అంటే ఎక్సార్‌కి వాడే ఆ 2197175160 లాంటి స్థిర అంకె. ఎక్కడైనా 'సీఆర్‌సీ32 కోడ్' అని వెతికితే ముందు దొరికేది జిప్, ఈథర్‌నెట్ వాడే రకం. దాని అంకె 3988292384. ఎక్స్86లోని సీఆర్‌సీ32 ఇన్‌స్ట్రక్షన్ ఆ రకం చేయదు. అది కాస్టాగ్నోలి రకం మాత్రమే చేస్తుంది, అంటే పైన చెప్పిన 2197175160. పేరులో చివరి 'సీ' కాస్టాగ్నోలి అనే ఆ పరిశోధకుడిదే. ఆర్మ్‌లో రెండు రకాలకీ వేరు వేరు ఇన్‌స్ట్రక్షన్లు ఉన్నాయి: సీఆర్‌సీ32బీ అంటే జిప్ రకం, సీఆర్‌సీ32సీబీ అంటే కాస్టాగ్నోలి. అదే సీఆర్‌సీ32బీ అన్న పేరు ఎక్స్86 అసెంబ్లీలో 'ఒక బైటు మీద కాస్టాగ్నోలి' అని అర్థం. ఒకే పేరు, రెండు మెషీన్లలో రెండు లెక్కలు. ఎక్స్86 కోడ్‌ని చూసి ఆర్మ్‌కి రాసేవాళ్ళు సరిగ్గా ఇక్కడే పప్పులో కాలేస్తారు.

సరిచూసుకోవడానికి అందరూ వాడే టెస్ట్ స్ట్రింగ్ ఉంది: ఒకటి నుంచి తొమ్మిది వరకూ అంకెలు, 123456789 అని, ఆస్కీ అక్షరాలుగా. సీఆర్‌సీ32సీ అయితే జవాబు 3808858755. జిప్ రకం అయితే 3421780262. రెండోది వచ్చిందంటే పాలినామియల్ తప్పు పట్టారని వెంటనే తెలిసిపోతుంది.

రెండోది మొదటి, చివరి ఎక్సార్. ఇన్‌స్ట్రక్షన్ మధ్య భాగం మాత్రమే చేస్తుంది; ముందు 4294967295 పెట్టడం, చివర తిప్పడం రాసేవాడి బాధ్యత. కొన్ని లైబ్రరీలు ఆ పనిని ఫంక్షన్ లోపలే చేస్తాయి, కొన్ని పిలిచేవాడికి వదిలేస్తాయి. మీ లైబ్రరీది ఏ పద్ధతో అసెంబ్లీ దారిలో చూసి, అదే పద్ధతి రెండో దారిలోనూ పెట్టండి. ఒక దాంట్లో లోపల, ఇంకో దాంట్లో బయట ఉంటే రెండుసార్లు తిరగడమో, అసలు తిరగకపోవడమో జరుగుతుంది.

మూడోది మన తెలుగు పేర్లతోనే బయటపడే తప్పు, కాస్త ఆగి చూడండి. 'తేజ' అన్న మాట యూటీఎఫ్-8లో తొమ్మిది బైట్లు: త, ఏత్వం గుర్తు, జ, ఒక్కోటి మూడేసి. మొదటి బైటు విలువ 224. ఎక్స్86 మీద చార్ అంటే సైన్డ్, కాబట్టి ఆ 224 కాస్తా మైనస్ 32 అవుతుంది. దాన్ని నేరుగా 32 బిట్ల విలువతో ఎక్సార్ చేస్తే, సైన్ ఎక్స్‌టెన్షన్ వల్ల పైన ఉన్న 24 బిట్లూ ఒక్కసారిగా తిరగబడతాయి. '334' అని పెట్టి టెస్ట్ చేస్తే అన్నీ 128 కంటే చిన్న బైట్లే, కాబట్టి జవాబు సరిగ్గా వస్తుంది. తేజ దగ్గర తప్పుతుంది. ఆర్మ్ లైనక్స్‌లో చార్ డిఫాల్ట్‌గా అన్‌సైన్డ్ కాబట్టి బోర్డు కోసం కంపైల్ చేస్తే తేజ కూడా సరిగ్గా వస్తుంది. అంటే ఒకే సోర్స్, ఒకే పేరు, పీసీలో ఒక హాష్, బోర్డులో ఇంకో హాష్. మందు చిన్నదే: ఎక్సార్‌కి ముందు ప్రతి బైటునీ అన్‌సైన్డ్ చార్‌కి కాస్ట్ చేయండి. 256 గడుల టేబుల్ వాడే పద్ధతిలో ఇండెక్స్‌ని 255తో యాండ్ చేస్తారు కాబట్టి ఈ తప్పు అక్కడ దాక్కుంటుంది. టేబుల్ కోడ్ పనిచేసిందని బిట్ కోడ్ కూడా పనిచేస్తుందనుకోకండి.

నాలుగోది తోక. లైబ్రరీ రన్ టైమ్ దారి ఎనిమిదేసి బైట్లు మింగుతుంది, మిగిలినవి ఒక్కొక్కటిగా చేస్తుంది. మీ పేర్లు దీనికి మంచి టెస్టులు: తేజ 9 బైట్లు, అంటే ఒక గుక్క, ఒక బైటు తోక. 334కి తోక మాత్రమే. బ్యాడిగి 24, అంటే మూడు గుక్కలు, తోక లేదు. ఆర్మూర్ 21, రెండు గుక్కలూ అయిదు బైట్లూ. నాలుగూ నాలుగు రకాల దారులు తొక్కుతాయి.

(ఆర్మూర్ ప్రస్తావన వచ్చింది కాబట్టి: కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్‌ని చొప్పిస్తాయి. అది మూడు బైట్లు. చివర ఒకటి చేరితే అదే ఆర్మూర్ 24 బైట్లవుతుంది, హాష్ మారిపోతుంది, తెర మీద మాత్రం రెండూ ఒకేలా ఉంటాయి. హాష్‌కి ముందు దాన్ని తీసేయండి, కంపైల్ టైమ్ పేర్లలోనూ, బయట నుంచి వచ్చే పేర్లలోనూ.)

ఇప్పుడు ఫంక్షన్ ఆకారం. మీ లైబ్రరీ ఫంక్షన్ కాన్‌స్ట్ వాయిడ్ పాయింటర్ తీసుకుంటోందని రాశారు. అలా ఉంటే గేటు పెట్టినా కంపైల్ టైమ్‌లో నడవదు. వాయిడ్ పాయింటర్‌ని చార్ పాయింటర్‌గా మార్చుకోవడం సీ++23 వరకూ కాన్‌స్టంట్ లెక్కల్లో కుదరదు. సీ++26లోనే, అదీ అసలు టైప్‌కే తిరిగి మార్చడానికి ఒప్పుకున్నారు. కాబట్టి స్ట్రింగ్ వ్యూ తీసుకునే కాన్‌స్టెక్స్‌పర్ ఫంక్షన్ ఒకటి కొత్తగా రాయండి. దాని లోపల గేటు. ఎల్స్‌లో లైబ్రరీ పాత ఫంక్షన్‌ని యథాతథంగా పిలవండి. పాతది కాన్‌స్టెక్స్‌పర్ కాకపోయినా పర్వాలేదు, ఆ దారి కంపైల్ టైమ్‌లో తొక్కరు కదా. ఇంకో లాభం కూడా ఉంది: లైబ్రరీ ఫైల్‌ని మీరు ముట్టుకోలేదు. రేపు కొత్త వెర్షన్ వస్తే తెచ్చి పెట్టుకోవడమే.

ఎనిమిది బైట్లని రీఇంటర్‌ప్రెట్ కాస్ట్‌తో ఒకేసారి చదవడం కూడా కంపైల్ టైమ్ దారిలో చెల్లదు. ఇక్కడ దాని అవసరమూ లేదు, బైటు బైటే పోండి. వేరే ఫంక్షన్లలో ఫ్లోట్ బిట్లు చూడాల్సి వస్తే సీ++20 బిట్‌క్యాస్ట్ ఉంది. అలాగే, బైట్లు తిప్పడం, ఒకట్లు లెక్కపెట్టడం, ముందున్న సున్నాలు లెక్కపెట్టడం లాంటి పనులకి అసెంబ్లీ కనిపిస్తే రెండో దారి రాయకండి, అసెంబ్లీనే తీసేయండి. బిట్ హెడర్‌లో పాప్‌కౌంట్, కౌంట్ఎల్-జీరో సీ++20 నుంచి, బైట్‌స్వాప్ సీ++23 నుంచి ఉన్నాయి; రెండు కాలాల్లోనూ నడుస్తాయి, కంపైలర్ మంచి ఇన్‌స్ట్రక్షనే వేస్తుంది. ఒక్క హెచ్చరిక: పాత అసెంబ్లీలో బీఎస్‌ఆర్ (అన్నిటికంటే పైనున్న 1 బిట్ ఎక్కడుందో చెప్పే ఎక్స్86 ఇన్‌స్ట్రక్షన్) వాడి ఉంటే, ఇన్‌పుట్ సున్నా అయినప్పుడు దాని ఫలితాన్ని నమ్మలేం. కౌంట్ఎల్-జీరో మాత్రం సున్నాకి పూర్తి వెడల్పు, అంటే 32 బిట్ల విలువైతే 32 ఇస్తుంది. పాత కోడ్ సున్నాని విడిగా ఎలా చూసుకుందో చదివాకే మార్చండి.

కేస్ లేబుల్స్‌కి వస్తే, ఒక చిన్న కాన్‌స్టెవాల్ లిటరల్ ఆపరేటర్ రాసుకోండి. దానికి స్ట్రింగ్, పొడవు వస్తాయి, లోపల పై ఫంక్షన్‌ని పిలుస్తుంది. అప్పుడు పేరు రాసి వెనక మీ గుర్తు తగిలిస్తే అదే కేస్ లేబుల్. కాన్‌స్టెవాల్ కాబట్టి ఇది పొరపాటున కూడా రన్ టైమ్‌లోకి జారదు. స్ట్రింగ్ ముందు యూ8 పెట్టకండి. సీ++20 నుంచి దాని టైప్ చార్8-టీ అయిపోతుంది, చార్ తీసుకునే మీ ఆపరేటర్‌కి సరిపోదు. ఎవరైనా విండోస్‌లో విజువల్ సీ++తో కంపైల్ చేస్తే యూటీఎఫ్-8 ఫ్లాగ్ ఇవ్వాలి, లేకపోతే తెలుగు అక్షరాల్ని సిస్టమ్ కోడ్ పేజీలో చదివి వేరే బైట్లు చేస్తుంది. 64 బిట్ విజువల్ సీ++లో ఇన్‌లైన్ అసెంబ్లీ అసలు లేదన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. అక్కడ ఇంట్రిన్సిక్స్ (ఇన్‌స్ట్రక్షన్లకి బదులు పిలిచే కంపైలర్ ఫంక్షన్లు) వాడాలి, వాటికీ ఇదే గేటు అవసరం.

కంపైల్ టైమ్ లెక్కలకి పరిమితి ఉంటుంది. క్లాంగ్‌లో డిఫాల్ట్ 1048576 స్టెప్పులు. జీసీసీలో ఒక లూప్‌కి 262144 చుట్లు, మొత్తం 33554432 ఆపరేషన్లు. అయిదారు పేర్లకి మీరు వీటి దరిదాపులకి కూడా పోరు. 24 బైట్ల పేరుకి లోపలి లూప్ 192 సార్లు తిరుగుతుంది, అంతే. కానీ ఎవరైనా ఇదే ఫంక్షన్‌తో అర మెగాబైట్ ఫర్మ్‌వేర్ ఇమేజ్‌కి కంపైల్ టైమ్‌లో సీఆర్‌సీ కట్టబోతే రెండు కంపైలర్లూ చేతులెత్తేస్తాయి. ఫ్లాగులతో పరిమితి పెంచొచ్చు గానీ, బిల్డ్ నత్తనడక అవుతుంది. అది ఈ పద్ధతిలో చేసే పని కాదు.

ఇక మీరు పంపిన అసెంబ్లీ ముక్క. గేటుతో సంబంధం లేకపోయినా అందులో తప్పు ఉంది, అందుకే మీ రన్ టైమ్ జవాబు ఓ0లో (ఆప్టిమైజేషన్ లేకుండా) ఒకటి, ఓ2లో (ఆప్టిమైజేషన్‌తో) ఇంకోటి వస్తోంది. సీఆర్‌సీ రిజిస్టర్‌ని 'ఈక్వల్ ఆర్' అని ఇచ్చారు. అంటే 'ఇది అవుట్‌పుట్ మాత్రమే, పాత విలువతో పని లేదు' అని కంపైలర్‌కి చెప్పినట్టు. ఓ2లో అది మీ 4294967295ని రిజిస్టర్‌లోకి ఎక్కించకుండానే వదిలేస్తుంది. ఈ ఇన్‌స్ట్రక్షన్ పాత విలువని చదివి దాని మీదే రాస్తుంది కాబట్టి 'ప్లస్ ఆర్' కావాలి. లూప్ మొత్తం అసెంబ్లీలోనే రాసి పాయింటర్‌ని రిజిస్టర్‌లో ఇచ్చే చోట రెండు మార్పులు: ముందుకు జరిగే పాయింటర్, తగ్గే కౌంటర్ రెండూ ప్లస్ ఆర్ కావాలి, క్లాబర్ జాబితాలో (అసెంబ్లీ వేటిని ముట్టుకుంటుందో కంపైలర్‌కి చెప్పే చోటు) 'మెమరీ' ఉండాలి. లేకపోతే మీరు బఫర్‌లో రాసిన బైట్లు నిజంగా మెమరీకి చేరకముందే అసెంబ్లీ చదివేయొచ్చు.

ఇంకొకటి. జీసీసీతో ఎక్స్86లో ఇన్‌లైన్ అసెంబ్లీకి ఎస్ఎస్ఈ4.2 ఫ్లాగ్ లేకపోయినా అసెంబ్లర్ నోరెత్తదు, కంపైల్ అయిపోతుంది. ఈ ఇన్‌స్ట్రక్షన్ ఇంటెల్‌లో 2008 నాటి నెహాలెమ్‌తో వచ్చింది. అంతకంటే పాత మెషీన్‌లో నడిపితే ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ అని ప్రోగ్రామ్ కూలిపోతుంది. ఆర్మ్‌లో దీనికి రివర్స్: మార్చ్ ఆప్షన్‌లో (ఏ ప్రాసెసర్ రకం కోసమో కంపైలర్‌కి చెప్పేది) ప్లస్ సీఆర్‌సీ అని ఇవ్వకపోతే అసెంబ్లరే 'ఈ ప్రాసెసర్‌కి ఇది లేదు' అని ఆపుతుంది. ఆర్మ్ వీ8.0లో ఇది ఐచ్ఛికం, 8.1 నుంచి తప్పనిసరి.

టెస్టులు. స్టాటిక్ అసెర్ట్‌తో 123456789కి 3808858755 రావాలని ఒకటి పెట్టండి, అది కంపైల్ టైమ్ దారికి. రన్ టైమ్ దారి టెస్ట్ రాయడంలోనే జాగ్రత్త కావాలి. చాలామంది 'కాన్‌స్ట్ యూఇంట్32 ఏ = హాష్(తేజ)' అని రాసి, దాన్ని కాన్‌స్టెక్స్‌పర్ విలువతో పోలుస్తారు. టెస్ట్ పచ్చగా పాస్ అవుతుంది. కానీ కాన్‌స్ట్ ఇంటీజర్‌ని ఇనిషియలైజ్ చేసేటప్పుడు కంపైలర్ ముందు దాన్ని కాన్‌స్టంట్‌గా లెక్క వేయడానికి ప్రయత్నిస్తుంది, అది కుదిరితే గేటు 'కంపైల్ టైమే' అంటుంది. అంటే మామూలు దారిని మామూలు దారితోనే పోల్చారు, అసెంబ్లీ ఒక్కసారి కూడా నడవలేదు. గ్లోబల్ వేరియబుల్‌కి కాన్‌స్ట్ లేకపోయినా ఇదే జరుగుతుంది. అందుకే రన్ టైమ్ టెస్ట్‌లో పేరుని కమాండ్ లైన్ నుంచో, ఫైల్ నుంచో తీసుకోండి, ఫలితాన్ని కాన్‌స్ట్ లేని లోకల్ వేరియబుల్‌లో పెట్టండి. పొడవు 0 నుంచి 64 వరకూ, ప్రతి పొడవుకీ మొదలు 0 నుంచి 7 బైట్లు జరిపి, మొత్తం 520 కలయికలు. వాటిలో 128 పైన ఉన్న బైట్లు తప్పకుండా ఉండాలి. టెస్ట్‌ని పీసీలోనూ, బోర్డులోనూ నడపండి, ఓ0లోనూ, ఓ2లోనూ.

లైబ్రరీ సోర్స్ లేకుండా కంపైల్ చేసిన ఫైల్ మాత్రమే ఇచ్చి ఉంటే ఈ గేటు పద్ధతిలో సగమే కుదురుతుంది: ఆల్గారిథమ్ తెలిస్తే రెండో దారి మీరే రాసుకోవచ్చు. తెలియకపోతే బిల్డ్‌లో ఒక జనరేటర్ పెట్టండి. చిన్న ప్రోగ్రామ్, అది లైబ్రరీకి లింక్ అయి, పేర్ల జాబితా చదివి, హాష్‌లతో ఒక హెడర్ ఫైల్ రాస్తుంది. బిల్డ్ టూల్ సీమేక్ అయితే, అందులో జనరేటర్‌ని యాడ్-ఎగ్జిక్యూటబుల్‌తో కట్టి, యాడ్-కస్టమ్-కమాండ్‌లో అవుట్‌పుట్‌గా ఆ హెడర్‌ని, డిపెండ్స్‌లో జనరేటర్‌నీ పేర్ల ఫైల్‌నీ ఇవ్వండి. పేర్ల ఫైల్ మర్చిపోతే, కొత్త రకం చేర్చినా హెడర్ మారదు. బోర్డు కోసం క్రాస్ కంపైల్ చేసేటప్పుడు జనరేటర్ కూడా ఆర్మ్ బైనరీ అవుతుంది, ల్యాప్‌టాప్‌లో నడవదు. అక్కడ క్రాస్-కంపైలింగ్-ఎమ్యులేటర్ వేరియబుల్‌లో క్యూఎమ్యూ యూజర్ ఎమ్యులేటర్ (ఆర్మ్ ప్రోగ్రామ్‌ని ఎక్స్86 మీద నడిపే సాఫ్ట్‌వేర్) పేరు ఇస్తే సీమేక్ ఆ కమాండ్‌కి ముందు దాన్ని తానే తగిలిస్తుంది. అర మెగాబైట్ ఇమేజ్‌కి సీఆర్‌సీ కట్టే పని కూడా ఈ దారికే వదిలేయండి.

మిగతా భాషలు అడిగారు కాబట్టి ఒక్కో ముక్క. డీ భాషలో గేటు పేరు రెండు అండర్‌స్కోర్ల తర్వాత సీటీఎఫ్ఈ. మామూలు ఇఫ్‌లోనే వాడాలి, స్టాటిక్ ఇఫ్‌లో కాదు. అక్కడ 'సోర్స్ అందుబాటులో లేదు' అన్న ఎర్రర్ వస్తే, సమస్య అసెంబ్లీ కాదు, ఫంక్షన్ ఒళ్ళు కనిపించకుండా డిక్లరేషన్ మాత్రమే దొరికిందని. జిగ్‌లో 0.11 నుంచి ఇన్‌కాంప్‌టైమ్ అనే బిల్టిన్ ఉంది. రస్ట్‌లో అసెంబ్లీ మ్యాక్రో 1.59తో 2022లో స్థిరపడింది, కానీ కాన్‌స్ట్ ఫంక్షన్‌లో దాన్ని వాడనివ్వరు. గేటు పని చేసే ఇంట్రిన్సిక్ స్టాండర్డ్ లైబ్రరీ వాళ్ళ చేతిలోనే ఉంది, మనకి స్టేబుల్‌లో దొరకదు. కాబట్టి కాన్‌స్ట్ ఫంక్షన్ ఒకటి, మామూలు ఫంక్షన్ ఒకటి, రెండు పేర్లతో ఇవ్వాల్సిందే.

సీలో బిల్టిన్-కాన్‌స్టంట్-పీ పద్ధతి (విలువ కాన్‌స్టంటేనా అని కంపైలర్‌ని అడిగేది) పాతది. లైనక్స్‌లో వాడే సీ లైబ్రరీ గ్లిబ్‌సీలోని బైట్ స్వాప్ మ్యాక్రోలు చాలాకాలం దాని మీదే నడిచాయి: కాన్‌స్టంట్ అయితే షిఫ్టులు, కాకపోతే బీస్వాప్ అసెంబ్లీ. లైనక్స్ కెర్నల్‌లో ఇప్పటికీ కనిపిస్తుంది. కానీ దాని జవాబు ఆప్టిమైజేషన్‌ని బట్టి మారుతుంది. ఇన్‌లైన్ ఫంక్షన్ లోపల ఓ0లో కాదంటుంది, ఓ2లో అవునంటుంది. సీ++లో గేటుగా అది వద్దు.

చివరిగా మీ స్విచ్. మీ రకాల్లో ఏ రెండిటికైనా ఒకే హాష్ వస్తే 'డూప్లికేట్ కేస్ వాల్యూ' అని కంపైలరే ఆపుతుంది, ఆ భయం లేదు. కానీ ప్యాకెట్‌లో మీ జాబితాలో లేని పేరో, పాడైన పేరో వచ్చి దాని హాష్ తేజతో కలిస్తే దాన్ని పట్టుకునేవాళ్ళు లేరు. ప్రతి కేస్ లోపల మొదటి పనిగా వచ్చిన పేరుని అసలు పేరుతో బైటు బైటుగా పోల్చండి, తేడా ఉంటే డిఫాల్ట్‌కి పంపండి.